గొట్టం, బోల్టు, స్ప్రింగు: స్టెన్‌గన్ పనితనం

మన పత్రికల్లో చాలా ఏళ్ళపాటు పొట్టి తుపాకీ ఏదైనా స్టెన్‌గనే. మంత్రిగారి వెనక నడిచే గన్‌మన్ చేతిలో ఉన్నదీ స్టెన్‌గనే, పోలీస్ స్టేషన్ గుమ్మంలో సెంట్రీ భుజాన వేలాడేదీ స్టెన్‌గనే. చిన్నప్పుడు మా ఊరి స్టేషన్ ముందు నిలబడే కానిస్టేబుల్‌ని "దీని పేరేంటన్నా?" అని అడిగాను. "స్టెన్‌గన్‌రా, దూరంగా నిలబడు" అన్నాడు. ఆయన భుజాన ఉన్నది స్టెన్ కాదని, స్టెన్ తర్వాతి తరానిదని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

అసలు స్టెన్‌ని చూసింది అంతకన్నా ఆలస్యంగా, ఒక మ్యూజియంలో గాజు పలక వెనక. చుట్టూ ఉన్న తుపాకుల్లో నిగనిగలాడే వాల్‌నట్ చెక్క, నీలపు మెరుపు ఎక్కించిన ఉక్కు. వాటి మధ్య ఇది మూరెడు పైచిలుకు ఇనప గొట్టం. గొట్టానికి ఎడమవైపు అడ్డంగా దూర్చిన తూటాల పెట్టె, కింద రేకు డబ్బాలో ఒక మీట, వెనక ఇంకో సన్న గొట్టం, దాని చివర భుజానికి ఆన్చుకునే పలక. వెల్డింగ్ చేసిన చోట కరిగి గడ్డకట్టిన లోహం బొట్లు బొట్లుగా అలాగే ఉంది. దాన్ని సానపట్టడానికి ఎవరూ చెయ్యి పెట్టలేదు. సైకిలు పంపుకి మీట తగిలించినట్టుంది చూడటానికి. ఇంత మొరటు పని లక్షల సంఖ్యలో ఒక సైన్యం చేతికి ఎలా వెళ్ళిందన్నది నా మొదటి ఆశ్చర్యం. లోపల ఏముందో తెలుసుకున్నాక ఆ ఆశ్చర్యం పోయి, దాని స్థానంలో గౌరవం వచ్చింది. ఇది మనుషుల్ని చంపడానికి చేసిన వస్తువన్న సంగతి ఒక్క క్షణం కూడా మరిచిపోకుండానే, దాని వెనక ఉన్న ఆలోచన గురించి చెప్పాలనిపించింది. ఆ ఆలోచన ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఏ ముక్క దగ్గర జాగ్రత్త తప్పనిసరి, ఏ ముక్క దగ్గర వదిలేసినా ఫర్వాలేదు?

1940 మే 26 నుంచి జూన్ 4 దాకా డంకర్క్ తీరం నుంచి 3,38,000 మందికి పైగా సైనికుల్ని ఓడల్లో, పడవల్లో బ్రిటన్‌కు చేర్చారు. మనుషులు వచ్చారు. ఫిరంగులు, లారీలు, తుపాకులు ఫ్రాన్స్ ఇసకలోనే ఉండిపోయాయి. జర్మన్లు ఏ రోజైనా సముద్రం దాటొచ్చు. దగ్గర దూరంలో గబగబా కాల్చగల సబ్‌మెషిన్ గన్ ఒక్కటీ బ్రిటన్ సొంతంగా తయారు చేయడం లేదు. అమెరికా నుంచి థాంప్సన్ తుపాకులు కొనేవారు. థాంప్సన్ గొప్ప తుపాకీయే, కానీ యుద్ధం మొదలైన రోజుల్లో ఒక్కోదాని ధర 200 డాలర్ల చేరువలో ఉండేది. ఆ సరుకు కూడా జర్మన్ సబ్‌మెరైన్లు మాటువేసిన అట్లాంటిక్ దాటి రావాలి.

ఇంట్లో చేసుకోవడానికి మొదటి ప్రయత్నంగా లాంచెస్టర్ వచ్చింది. జర్మనీలో హ్యూగో ష్మైసర్ రూపొందించిన ఎంపీ 28కి అది నకలు. మ్యాగజైన్, అంటే తూటాల పెట్టె, దూర్చే గూడు ఇత్తడితో పోతపోసి, భుజానికి ఆన్చుకునే చెక్క మడమని రైఫిల్‌కి చెక్కినంత శ్రద్ధగా చెక్కి చేశారు. నావికాదళం దాన్ని తీసుకుని చాలా కాలం వాడుకుంది. కానీ ఆ పనితనంతో లక్షలు చేయడానికి ఆ రోజు బ్రిటన్ దగ్గర లేత్‌లూ లేవు, మిల్లింగ్ యంత్రాలూ లేవు, చేయి తిరిగిన టర్నర్లూ లేరు. ఉన్నవాళ్ళంతా విమానాల ఇంజన్ల మీద పనిచేస్తున్నారు.

అప్పుడు ఇద్దరు మనుషులు ముందుకొచ్చారు. ఆయుధాల తనిఖీ, రూపకల్పన విభాగంలో పనిచేసే మేజర్ రెజినాల్డ్ షెపర్డ్ ఒకరు. ఎన్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో డ్రాఫ్ట్స్‌మన్ హెరాల్డ్ టర్పిన్ రెండోవారు. షెపర్డ్‌లో ఎస్, టర్పిన్‌లో టీ, ఎన్‌ఫీల్డ్‌లో మొదటి రెండు అక్షరాలు కలిపితే స్టెన్. 1940 చివర్లో టర్పిన్ ట్రిగ్గర్ యంత్రాంగం బొమ్మ గీశాడు. 1941 జనవరికల్లా నమూనా తుపాకీ కాల్చి చూపించారు. ఆ ఏడాదే తయారీ మొదలైంది. స్కాట్లండ్‌లో క్లైడ్‌బ్యాంక్‌లో ఉన్న సింగర్ కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ మొదటి లక్ష తుపాకులు చేసింది. మన ఇళ్ళల్లో అమ్మమ్మలు జాకెట్లు కుట్టిన మిషన్ల మీద కనిపించే పేరే అది.

ఇక తుపాకీ విప్పి చూద్దాం. స్టెన్ రకాల్లో చాలామంది చేతుల్లోకి వెళ్ళిన మార్క్ 2ని తీసుకుంటాను.

వెనక నుంచి మొదలుపెట్టాలి. మడమ గొట్టానికి బిగించి ఉండదు. వెనక మూతలో కనిపించే బొడిపెని బొటనవేలితో లోపలికి నొక్కి మడమని కిందికి జరిపితే ఊడి వచ్చేస్తుంది. దాంతోపాటే మూత, దాని వెనక నొక్కుకుని కూర్చున్న స్ప్రింగు బయటికి వస్తాయి. గొట్టానికి కుడివైపు పొడుగ్గా ఒక చీలిక ఉంటుంది, గొట్టం లోపల ముందుకూ వెనక్కీ జారే బరువైన ముక్క బోల్టు; దాని పిడి ఆ చీలికలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ పిడిని చీలిక చివరున్న పెద్ద రంధ్రం దాకా లాగి బయటికి పీకితే, బోల్టు వెనక నుంచి జారి అరచేతిలో పడుతుంది. ముందువైపు రంధ్రాలున్న చిన్న తొడుగొకటి మరలతో బిగించి ఉంటుంది. దాన్ని చేత్తో తిప్పి తీస్తే బ్యారెల్ వచ్చేస్తుంది. పానాలు అక్కర్లేదు, స్క్రూ డ్రైవర్ అక్కర్లేదు. రెండు చేతులు చాలు.

బల్ల మీద పరిచిన ఈ ముక్కల్ని ఇప్పుడు ఇంకో చూపుతో చూడాలి. బ్యారెల్ లోపల గుండు తిరుగుతూ పోవడానికి మెలికల గాళ్ళు పడాలి, అక్కడ ఖచ్చితం తప్పితే గురి తప్పుతుంది. బోల్టు గొట్టంలో ఎక్కడా ఒరుసుకోకుండా, ఎక్కడా ఊగకుండా జారాలి, కాబట్టి దాన్ని లేత్ మీద పెట్టి శ్రద్ధగా చేయాల్సిందే. ఈ రెండూ యంత్రం మీద నిపుణుడు చేసే ముక్కలు. తక్కిన వాటిని చూడండి. ఒళ్ళు మామూలు ఉక్కు గొట్టం. ట్రిగ్గర్ పెట్టె ప్రెస్సులో మడిచిన రేకు. మడమ ఒక పైపు, లేదా వంచిన ఇనప చువ్వ. గురి చూసే రంధ్రం 100 గజాలకి స్థిరంగా పెట్టేశారు, తిప్పుకునే మరలేమీ లేవు. మార్క్ 1కి ముందువైపు మడిచిపెట్టుకునే చెక్క పిడి, బ్యారెల్ మూతికి మంట కనపడకుండా ఒక తొడుగు ఉండేవి. మార్క్ 2లో రెండూ తీసేశారు. నునుపు చేయడం, మెరుగు పెట్టడం, అంచులు గుండ్రంగా దిద్దడం అన్నవి అసలు లేవు. ప్రాణం ఉన్న రెండు చోట్ల శ్రద్ధనంతా పోసి, తక్కిన చోట్ల వదిలేశారు. ఏది వదిలేయాలో తేల్చడానికి కావలసినంత నైపుణ్యం, ఎంత బాగా చెక్కాలో తేల్చడానికి కూడా అక్కర్లేదేమో అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు అది పనిచేసే తీరు.

స్టెన్ తెరిచిన బోల్టుతో పేలుతుంది. కాల్చడానికి సిద్ధంగా ఉన్నప్పుడు బోల్టు వెనక ఉంటుంది, బ్యారెల్ ఖాళీగా ఉంటుంది. పిడిని వెనక్కి లాగితే స్ప్రింగు నొక్కుకుపోతుంది, ట్రిగ్గర్ తాలూకు కొక్కెం లేచి బోల్టుని కింద నుంచి పట్టుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే కొక్కెం కిందికి దిగుతుంది. స్ప్రింగు బోల్టుని ముందుకు తోస్తుంది. పోతూ పోతూ బోల్టు మ్యాగజైన్ నోట్లో ఎదురుచూస్తున్న తూటాని వెనక నుంచి తోసి బ్యారెల్ గదిలోకి పంపుతుంది. చాలా తుపాకుల్లో ఫైరింగ్ పిన్ అనేది ఒక విడి ముక్క, దానికి ఒక స్ప్రింగు, దాన్ని కొట్టడానికి ఒక సుత్తి ఉంటాయి. ఇందులో అవేవీ లేవు. బోల్టు ముఖం మీద మొటిమలా పొడుచుకొచ్చిన చిన్న బొడిపే ఆ పని చేస్తుంది. తూటా గదిలో సర్దుకుంటున్న క్షణంలోనే ఆ బొడిపె దాని అడుగున ఉన్న మందుబిళ్ళని గుద్దుతుంది.

కిటుకంతా ఆ క్షణంలో ఉంది. బోల్టు ఇంకా ముందుకు కదులుతుండగానే తూటా పేలుతుంది. పేలిన మందు గుండుని ముందుకీ, ఖాళీ కేసుని వెనక్కీ తన్నుతుంది. వెనక్కి తన్నే బలం బోల్టు ముందుకు వస్తున్న వేగాన్ని ముందు ఆపాలి, ఆపాకే దాన్ని వెనక్కి తిప్పగలదు. తలుపు తోసుకుని లోపలికి వస్తున్నవాణ్ణి లోపలి మనిషి బయటికి నెట్టాలంటే రెండు పనులు చేయాలి కదా, అలాగ. ఆ రెండు పనులూ అయ్యేలోపల గుండు బ్యారెల్ దాటి వెళ్ళిపోతుంది, లోపలి ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు బోల్టు వెనక్కి వస్తే ఎవరికీ ప్రమాదం లేదు. వస్తూ వస్తూ బోల్టుకున్న పంజా ఖాళీ కేసుని గదిలోంచి లాగుతుంది, గొట్టంలో కదలకుండా ఉన్న ఇంకో ముక్క దానికి అడ్డం తగిలి కుడివైపు కిటికీలోంచి బయటికి విసిరేస్తుంది. స్ప్రింగు మళ్ళీ నొక్కుకుంటుంది, మళ్ళీ తోస్తుంది. నిమిషానికి 500 నుంచి 600 తూటాల వేగం, అంటే సెకనుకి ఎనిమిది నుంచి పది రాకపోకలు.

రైఫిల్లో బోల్టుని తిప్పి గడియ వేస్తారు. పేలుడు జరిగేంతసేపూ ఆ గడియ తెరుచుకోకూడదు. ఆ గడియ చెక్కడానికి మంచి ఉక్కు, మంచి యంత్రం, మంచి పనివాడు కావాలి. స్టెన్‌లో బరువే గడియ, వేగమే తాళం. ఈ సూత్రం షెపర్డ్, టర్పిన్‌లు కనిపెట్టింది కాదు. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో వచ్చిన ష్మైసర్ తుపాకీలోనే ఉంది. అంత సరళమైన సూత్రం చుట్టూ అంత ఖరీదైన ఒళ్ళు ఎందుకని అడిగింది మాత్రం వీళ్ళే.

టర్పిన్ గీసిన ట్రిగ్గర్ పెట్టెలో నాకు ఇష్టమైన చిన్న ముక్క ఒకటుంది. పెట్టెకి అడ్డంగా దూరిన ఒక గుండీ. ఒక పక్క నుంచి నొక్కితే ఒక్కో తూటా, రెండో పక్క నుంచి నొక్కితే వరసగా తూటాలు. గుండీ లోపలున్న చిన్న మీటని పక్కకి జరుపుతుంది, అంతే. ఒక్కో తూటా స్థానంలో ఆ మీట బోల్టు దారిలోకి వస్తుంది. బోల్టు వెళ్తూ దాన్ని కిందికి తొక్కితే ట్రిగ్గర్‌కీ కొక్కేనికీ మధ్య బంధం తెగిపోతుంది, వేలు తీసి మళ్ళీ నొక్కితే తప్ప ఇంకో తూటా పేలదు. వరస స్థానంలో ఆ మీట బోల్టుకి తగలకుండా పక్కకి ఒదిగిపోతుంది. తుపాకీ ప్రవర్తనంతా మార్చేది వేలి గోరంత జరుగుడు.

మ్యాగజైన్ గూడు ఇంకో మంచి ఆలోచన. మార్క్ 2లో ఆ గూడు గొట్టం చుట్టూ తిరిగే తొడుగు. వాడనప్పుడు మ్యాగజైన్ తీసేసి గూడుని పావు చుట్టు తిప్పితే, తొడుగు కదిలి ఖాళీ కేసులు బయటికొచ్చే కిటికీని మూసేస్తుంది. దుమ్ము, ఇసక లోపలికి పోవు. మూత అనే ముక్క వేరే చేయకుండా ఉన్న ముక్కనే మూతగా వాడుకున్నారు. పక్కకి పెట్టిన మ్యాగజైన్ వల్ల సైనికుడు నేలకి అంటుకుని పడుకుని కూడా కాల్చగలడు. కింద వేలాడే పొడుగాటి పెట్టె ఉంటే తల పైకెత్తాల్సి వచ్చేది.

తూటా కూడా ఆలోచించి ఎంచుకున్నదే. జర్మన్, ఇటాలియన్ సైన్యాలు వాడే 9 మిల్లీమీటర్ల తూటానే స్టెన్‌కీ పెట్టారు. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన ఇటాలియన్ తూటాలు దీంట్లో పనికొచ్చాయి. జర్మన్ల ఆక్రమణలో ఉన్న దేశాల్లో రహస్యంగా పోరాడేవాళ్ళకి శత్రువు గిడ్డంగే తూటాల కొట్టు అయింది.

అయితే ఈ తుపాకీ జబ్బంతా కూడా ఆ మ్యాగజైన్‌లోనే ఉంది. దాని గురించి దాచిపెట్టి పొగిడితే పనితనాన్ని అవమానించినట్టే. మ్యాగజైన్ 32 తూటాలది. లోపల అవి రెండు వరసలుగా పేర్చి ఉంటాయి. మూతి దగ్గరికొచ్చేసరికి ఆ రెండు వరసలూ ఒక్క వరసలో కలవాలి. తిరనాళ్ళలో రెండు వీధుల జనం ఒకే సందులోకి దూరినట్టు అక్కడ ఒరిపిడి ఎక్కువ. కాస్త ఇసక పడినా, మూతి పెదవులు కాస్త వంగినా తూటా ఇరుక్కుంటుంది. థాంప్సన్ పెట్టెలో రెండు వరసలూ మూతి దాకా రెండుగానే వస్తాయి, కాబట్టి ఆ బాధ లేదు. స్టెన్ మ్యాగజైన్‌లో తూటాలు నింపడానికే వేళ్ళు నొప్పి పుట్టేవి, అందుకు వేరే పనిముట్టు ఇచ్చేవారు. అనుభవం ఉన్న సైనికులు 32 నింపకుండా రెండో మూడో తక్కువ పెట్టేవారు, స్ప్రింగుకి కాస్త ఊపిరి ఆడాలని. ఎడమచేత్తో పట్టుకోవడానికి ఎదురుగా కనిపించేది మ్యాగజైనే. దాన్ని పట్టుకుని గుంజితే గూడులో మూతి వాలు మారిపోయి తుపాకీ మొరాయిస్తుంది. ముందున్న రంధ్రాల తొడుగుని పట్టుకోవాలన్నది శిక్షణలో పదేపదే చెప్పిన మాట.

రెండో జబ్బు తెరిచిన బోల్టుతో వచ్చింది. బోల్టు ముందుకు వదిలేసి, మ్యాగజైన్ పెట్టి ఉన్న స్టెన్ మడమ మీద దబ్బున పడితే, బోల్టు బరువుకి తనంతట తాను వెనక్కి జరిగి, తిరిగొస్తూ ఒక తూటాని తోసి పేల్చేసేది. లారీ దిగుతూ, గోడ దూకుతూ సొంత తుపాకీ గుండు తగిలినవాళ్ళున్నారు. తర్వాత పిడిని లోపలికి నొక్కితే అది గొట్టం ఎదుటి పక్కన ఉన్న రంధ్రంలో దూరి బోల్టుని కదలకుండా పట్టేలా మార్చారు. ఒక రంధ్రం, కాస్త పొడుగైన పిడి. దిద్దుబాటు కూడా తుపాకీ స్వభావానికి తగ్గట్టే ఉంది.

ఈ జబ్బుల మూలంగా సైనికులు దానికి పెట్టిన పేర్లు మంచివి కావు. దుర్గంధం అనే అర్థం వచ్చేలా పేరు తిప్పారు, పైపుల పనివాడి పీడకల అన్నారు. కొత్త స్టెన్‌లు చేతికొచ్చిన కెనడా సైనికులు వాటిని ఆకురాళ్ళతో రుద్ది, అంచులు దిద్ది, పదే పదే కాల్చి చూసుకుని దారికి తెచ్చుకునేవారు. ఫ్యాక్టరీ వదిలేసిన మెరుగు సైనికుడి చేతుల్లో పూర్తయ్యేది.

1942 మే 27 ఉదయం ప్రాగ్ నగరంలో, లిబెన్ అనే పేటలో రోడ్డు మలుపు దగ్గర యోసెఫ్ గాబ్చిక్ అనే స్లోవాక్ సైనికుడు కోటు కింద మార్క్ 2 స్టెన్‌తో నిలబడ్డాడు. ముక్కలుగా విడదీసి తెచ్చి కలుపుకోగలగడం వల్లే అది అక్కడికి చేరగలిగింది. ఆ ప్రాంతాన్ని నాజీల తరఫున ఏలుతున్న రైన్‌హార్డ్ హైడ్రిక్ కారు మలుపులో వేగం తగ్గించింది. గాబ్చిక్ ముందుకొచ్చి ట్రిగ్గర్ నొక్కాడు. తుపాకీ పేలలేదు. కారు ఆపి హైడ్రిక్ పిస్తోలు తీస్తుండగా, గాబ్చిక్ తోటివాడు యాన్ కుబిష్ బాంబు విసిరాడు. ఆ గాయాలతోనే జూన్ 4న హైడ్రిక్ చనిపోయాడు. ప్రతీకారంగా నాజీలు లిడిట్సే అనే ఊరిని నేలమట్టం చేశారు. చరిత్రలో ఇంత బరువు మోసిన ఒక తుపాకీ మొరాయింపు నాకు ఇంకొకటి తెలియదు. ట్రిగ్గర్ నొక్కిన తర్వాత ఏ చప్పుడూ రాని ఆ ఒక్క క్షణాన్ని తలుచుకున్నప్పుడల్లా మ్యాగజైన్ మూతి గుర్తొస్తుంది.

ఆ మొరాయింపులున్నా స్టెన్‌ని ఎవరూ వదులుకోలేదు. కారణం తయారీలో ఉంది, అందులో ఎక్కువ ముచ్చట గొలిపేది మార్క్ 3. లండన్ దక్షిణాన మెర్టన్‌లో లైన్స్ బ్రదర్స్ అనే కంపెనీ పిల్లల ఆటబొమ్మలు చేసేది. రేకు కారుబొమ్మలు, తోపుడు బళ్ళు, ట్రయాంగ్ అనే పేరుతో. రేకుని కత్తిరించి, మడిచి, అతికి గట్టి వస్తువు చేయడంలో వాళ్ళది ఆరితేరిన చెయ్యి. వాళ్ళ చేతుల్లో స్టెన్ ఒళ్ళు గొట్టంగా మొదలవ్వడం మానేసింది. ఒకే రేకుని చుట్టి, రెండు అంచుల్నీ పైన కలిపి వెల్డింగ్ చేశారు. మార్క్ 3ని పైనుంచి చూస్తే వెన్నెముకలా నిలువునా ఒక గట్టు కనిపిస్తుంది, అది ఆ అతుకు. మ్యాగజైన్ గూడు తిరగదు, అతికేశారు. బ్యారెల్ ఊడదు, బిగించేశారు. ముక్కల సంఖ్య 50 లోపుకి దిగింది.

ఇంతగా తగ్గించినవాళ్ళు ఒకచోట మాత్రం ఒక ముక్క కలిపారు. ఖాళీ కేసులు ఎగిరే కిటికీ ముందు చిన్న రేకు పలక ఒకటి రివెట్ చేశారు. ఎడమచెయ్యి పొరపాటున వెనక్కి జారితే వేళ్ళు కిటికీలో పడి, దూసుకొచ్చే బోల్టు కింద నలిగిపోతాయి. ఆ పలక అడ్డం పడుతుంది. ప్రతి పైసా, ప్రతి నిమిషం లెక్క చూసుకున్న తుపాకీలో మనిషి వేళ్ళ కోసం పెట్టిన ఖర్చు అది. మార్క్ 3 ఫొటోలు చూసినప్పుడల్లా నా చూపు ముందు ఆ పలక మీదికే పోతుంది.

లైన్స్ బ్రదర్స్ ఎనిమిదిన్నర లక్షలకు పైగా మార్క్ 3లు చేసింది. బర్మింగ్‌హామ్‌లోని బీఎస్‌ఏ కంపెనీ, ఫజాకర్లీ, థీల్‌లలోని ప్రభుత్వ కర్మాగారాలు, కెనడాలో టొరంటో దగ్గరి లాంగ్ బ్రాంచ్ కలిసి మార్క్ 2లు 20 లక్షలు దాటించాయి. అంతకుముందు తుపాకీ ముట్టుకోనివాళ్ళు, వాళ్ళలో ఎందరో ఆడవాళ్ళు, ప్రెస్సుల ముందూ వెల్డింగ్ బల్లల ముందూ కూర్చుని చేసిన పని ఇది. చిన్న చిన్న వర్క్‌షాపులు ఒక్కో ముక్క చేసి పంపితే పెద్ద ఫ్యాక్టరీలో కలిపేవారు, కాబట్టి ఒకచోట బాంబు పడితే మొత్తం ఆగేది కాదు. ఒక్కో తుపాకీకి అయిన ఖర్చు రెండు మూడు పౌండ్లు, పట్టిన పని ఐదారు గంటలు. 1940లలో అన్ని రకాలూ కలిపి 40 లక్షల పైమాటే.

అంత సులువైన వస్తువుని ఇంకొకరు చూసి చేసుకోగలరు. పారాషూట్ డబ్బాల్లో ఆకాశం నుంచి దిగిన స్టెన్‌లని చూసి డెన్మార్క్, నార్వేల్లో పోరాటకారులు మరమ్మతు కొట్లలో సొంతంగా చేసుకున్నారు. పోలండ్‌లో వాట్స్‌వావ్ జావ్రోత్నీ, సెవెరిన్ వీలానియెర్ అనే ఇద్దరు ఇంజనీర్లు స్టెన్ లోపలి తీరునీ, జర్మన్ ఎంపీ 40 బయటి రూపునీ కలిపి బ్లిస్కావిత్సా అనే తుపాకీ గీశారు. బ్లిస్కావిత్సా అంటే మెరుపు. నాజీల కళ్ళముందు, వార్సాలో రహస్యంగా దాదాపు 700 చేశారు. వెల్డింగ్ కన్నా మరలు నమ్మారు వాళ్ళు, ఎందుకంటే విడివిడి కొట్లలో విడివిడిగా చేసిన ముక్కల్ని మరలతో ఎక్కడైనా కలపొచ్చు. యుద్ధం చివరికొచ్చేసరికి జర్మన్లే స్టెన్‌ని నకలు చేశారు. మౌజర్ కంపెనీ అచ్చం బ్రిటిష్ స్టెన్‌లా వేల సంఖ్యలో చేసింది. 1945లో ఎంపీ 3008 అనే పేరుతో మ్యాగజైన్ కిందికి తిప్పి ఇంకో రకం చేశారు. ష్మైసర్ తుపాకీ నుంచి పుట్టింది లాంచెస్టర్, లాంచెస్టర్ నుంచి చిక్కి సగమైన స్టెన్ తిరిగి పుట్టింటికే చేరింది.

యుద్ధంలో గట్టెక్కుతామని తెలిశాక బ్రిటన్ కాస్త చెయ్యి సడలించింది. 1944లో వచ్చిన మార్క్ 5కి చెక్క మడమ, చెక్క పిడి, రైఫిల్ తరహా ముందు గురి, బయోనెట్ తగిలించుకునే ఏర్పాటు వచ్చాయి. ఆ సెప్టెంబరులో హాలండ్‌లోని ఆర్నెమ్ దగ్గర దిగిన పారాషూట్ సైనికుల చేతుల్లో ఉన్నది ఇదే. మ్యాగజైన్ మాత్రం పాతదే, జబ్బూ పాతదే. చెక్కకి దొరికిన శ్రద్ధ మ్యాగజైన్ మూతికి దొరకలేదు. ఈ తుపాకీ విషయంలో నాకున్న ఒక్క ఫిర్యాదు అదే.

మన సైన్యంలో స్టెన్ స్వాతంత్ర్యం తర్వాత కూడా ఉంది. 1948 ఫిబ్రవరి 6న కాశ్మీర్ యుద్ధంలో, నౌషేరా దగ్గర తైన్‌ధార్ కొండ మీద ఒక పికెట్‌లో 1 రాజ్‌పుత్ దళానికి చెందిన నాయక్ జదునాథ్ సింగ్‌తో కలిపి 9 మంది ఉన్నారు. రెండు దాడులు తట్టుకునేసరికి అందరూ గాయపడ్డారు. మూడో దాడి వచ్చినప్పుడు గాయాలతోనే జదునాథ్ సింగ్ రాళ్ళ చాటు వదిలి, స్టెన్‌తో కాలుస్తూ ఒంటరిగా ఎదురెళ్ళాడు. దాడికొచ్చినవాళ్ళు చెల్లాచెదురయ్యారు. తలకీ ఛాతీకీ గుళ్ళు తగిలి ఆయన అక్కడే పడిపోయాడు. ఆ జూలైలో తిత్వాల్ దగ్గర కంపెనీ హవల్దార్ మేజర్ పీరూ సింగ్ చేతిలో ఉన్నదీ స్టెనే. ఇద్దరికీ మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. 100 గజాల గురి, తేలికైన గొట్టం, పరిగెడుతూ కాల్చే తుపాకీ. ఆ కొండ మీద దానితో అంత దగ్గరికి నడిచివెళ్ళాల్సి వచ్చింది.

తర్వాతి తరం తుపాకీని జార్జ్ పాచెట్ గీశాడు, లాంచెస్టర్‌ని చేసిన డాగెన్‌హామ్ స్టెర్లింగ్ కంపెనీలోనే. యుద్ధకాలంలోనే నమూనాలు పరీక్షించినా బ్రిటన్ దాన్ని 1953లో తీసుకుంది. పాచెట్ బోల్టు మీద మెలికల గట్లు పెట్టాడు. బోల్టు కదిలినప్పుడల్లా అవి లోపల చేరిన మట్టినీ మసినీ తోసేస్తాయి. మ్యాగజైన్‌ని ఒంపు తిప్పి 34 తూటాలకి చేశాడు. రెండు వరసలూ మూతి దాకా రెండుగానే వస్తాయి, కింద నుంచి వాటిని తోసే పలక స్థానంలో రెండు చిన్న రోలర్లు దొర్లుతూ పైకొస్తాయి. ఒరిపిడి పోయింది. పదేళ్ళపాటు వేల చేతుల్లో తిట్లు తిన్న ఆ మూతి ఇక్కడ బాగుపడింది.

ఆ తుపాకీనే 1960లలో మన దేశంలో చేయడం మొదలుపెట్టారు, కాన్పూర్‌లోని స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో, కార్బైన్ 1ఏ పేరుతో. మా ఊరి సెంట్రీ భుజాన ఉన్నది అదే. ఎడమవైపు ఒంపు తిరిగిన మ్యాగజైన్, రంధ్రాల తొడుగు, గొట్టం లాంటి ఒళ్ళు. ఆయన దాన్ని స్టెన్‌గన్ అన్నందుకు నేనిప్పుడు తప్పు పట్టను. పాచెట్ కొత్త మ్యాగజైన్ చేసినా దాని గూడు కొలతలు పాతవాటికి సరిపోయేలానే ఉంచాడు. 1941 నాటి స్టెన్ మ్యాగజైన్ తీసుకొచ్చి దూర్చినా అందులో పడుతుంది.